సకినాలు విరగని పెట్టె: అట్టతో కుస్తీ డైరీ

అక్టోబర్ 19

బెంగళూరు నుంచి అక్క వీడియో పంపింది. అట్టపెట్టె తెరిచి, పైన కప్పిన కాగితం తీసి, సకినాలను చెంచాతో ఎత్తి చూపిస్తోంది. చెంచాతో! "మంచిగున్నయ్‌రా తమ్మీ, చాయ్‌ల పోసుకొని తాగుతున్నం" అంటోంది. వెనకాల బావ నవ్వు వినపడుతోంది. హసన్‌పర్తిలో పెద్దమ్మ రెండు రోజులు నడుం వంచి పోసిన రెండు కిలోల సకినాలవి. నిండు సకినం ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు.

పెట్టె కట్టింది నేనే. కిరాణం షాపులో అడిగి తెచ్చిన పాత బిస్కెట్ల కార్టన్, 40×30×25 సెంటీమీటర్లు. సకినాలు పెడితే సగం కూడా నిండలేదు. మిగిలిన చోట పాత పేపర్లు ఉండలు చుట్టి కూరాను. కొరియర్ కౌంటర్లో తూకం వేయకముందే టేపు తీశారు. పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5000తో భాగిస్తే 6 వచ్చింది. పెట్టె పట్టే చోటును కిలోలుగా మార్చే లెక్క అది. రెండు కిలోల సకినాలకు ఆరు కిలోల డబ్బు కట్టి, పిండి పంపాను.

నా పని డీటీపీ. హనుమకొండలో చిన్న షాపు. పెళ్లి కార్డులు, బిల్లు బుక్కులు, ఫ్లెక్సీలు చేస్తాను. పద్నాలుగేళ్లుగా కాగితంతోనే బతుకు. కాగితం మీద ఏం అచ్చేయాలో తెలుసుగానీ దాన్ని మడిచి ఒక వస్తువును ఎట్లా కాపాడాలో తెలియదు. సంక్రాంతికి పెద్దమ్మకు బయటూళ్ల ఆర్డర్లు వస్తాయి. అప్పటికి ఒక పెట్టె చేయాలని కూర్చున్నాను. ఎంతవరకు వచ్చానో ఇందులో రాసుకుంటాను.

అక్టోబర్ 22

అక్కతో పెట్టె ఫోటోలు తెప్పించుకున్నాను. ఒక మూల లోపలికి పోయింది, మిగతా మూడూ బాగానే ఉన్నాయి. అంటే పైనుంచి బరువు పడి నలగలేదు, ఎవరో ఎక్కడో మూల మీద పడేశారు. పేపర్ ఉండలు దారిలో అణిగిపోయి, సకినాల చుట్టూ ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో దొర్లుకుంటూ, ఒకదాన్నొకటి కొట్టుకుంటూ పోయాయి.

ఇంకో సంగతి. తినే వస్తువును న్యూస్‌పేపర్లో చుట్టడం ఆహార భద్రత సంస్థ 2018 ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారం నిషేధం. అచ్చు సిరా ఎట్లా అంటుకుంటుందో రోజూ నా వేళ్లు చూస్తే తెలుస్తుంది, అయినా ఆ పనే చేశాను. పెద్దమ్మకు చెప్పలేదు.

అక్టోబర్ 26

అట్ట లోపల ఏముందో చూడాలనిపించింది. అదే రకం త్రీ ప్లై అట్ట నుంచి 30 సెంటీమీటర్ల పట్టీ కోసి, రాత్రి బకెట్ నీళ్లలో వేశాను. పొద్దున్నే మూడు పొరలూ వాటంతట అవే విడిపోయాయి. వాటిని అంటించేది పిండి జిగురు, అంటే ఒక రకం గంజి. కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లు నూలుకు గంజి పెట్టడం చిన్నప్పటి నుంచి చూస్తున్నా, అట్టపెట్టె కూడా గంజితోనే నిలబడుతోందని ఇన్నాళ్లూ తట్టలేదు. వానలో తడిసిన కార్టన్ ఎందుకు పొరలు పొరలుగా ఊడిపోతుందో కూడా తెలిసింది.

నడిమి వంకుల కాగితాన్ని మెల్లగా చాపి స్కేలు పెడితే దాదాపు 40 సెంటీమీటర్లు ఉంది. పైదీ కిందిదీ 30, నడిమిది 40. చూడ్డానికి మూడు కాగితాలేగానీ, మధ్యలోది మూడో వంతు ఎక్కువ కాగితం మింగి కూర్చుంది. పది సెంటీమీటర్లలో వంకులు లెక్కబెడితే పదిహేను, అట్ట మందం 3 మిల్లీమీటర్లు. దీన్ని బి (B) ఫ్లూట్ అంటారు, ఫ్లూట్ అంటే ఆ వంకులే. ఏ (A) ఫ్లూట్ వంకులు ఇంకా పెద్దవి, 5 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఈ (E) ఫ్లూట్ మరీ సన్నం, ఒకటిన్నర మిల్లీమీటర్లు; సెల్‌ఫోన్ పార్ట్‌లు ఆన్‌లైన్లో తెప్పిస్తే వచ్చే చిన్న పెట్టెలు చాలావరకు అదే. మందం వరుసలో పెడితే ఏ, సి, బి, ఈ అని వస్తుంది; అక్షరాల వరుస కుదరకపోవడం మాత్రం నాకు నచ్చలేదు. ఎవరు పెట్టారోగానీ ఫైల్ పేర్లు నేను పెట్టినట్టే పెట్టారు.

నవంబర్ 2

షాపు మూసిన తర్వాత అసలు పరీక్ష. ఒకే అట్ట నుంచి రెండు చదరపు గొట్టాలు చేశాను. పైన, కింద మూతలేవీ లేవు, నాలుగు గోడలే. గోడ వెడల్పు 15, ఎత్తు 10. ఒకదానిలో వంకులు నిలువుగా, ఇంకోదానిలో అడ్డంగా. మీద ప్లైవుడ్ ముక్క పెట్టి ఏ4 కాగితం కట్టలు పేర్చుకుంటూ పోయాను. 75 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం 75 గ్రాములు) కట్ట ఒక్కోటి రెండు కిలోల మూడు వందల గ్రాములు.

అడ్డం వంకులది తొమ్మిదో కట్టకు నడుం పడిపోయింది. నిలువు వంకులది ఇరవై కట్టలకు కూడా కదల్లేదు. షాపులో కట్టలు అయిపోయాయిగానీ దానికేం కాలేదు. 46 కిలోలు! అదే అట్ట, అదే బరువు, అదే జిగురు. తిప్పి కోయడంలోనే ఉంది తేడా అంతా.

మూడో గొట్టం కూడా ఒకటి చేసి, రాత్రంతా బాత్రూంలో వేడినీళ్ల ఆవిరి పట్టించాను. ముట్టుకుంటే తడి తెలియలేదు, కాస్త మెత్తగా ఉంది, అంతే. నిలువు వంకులే అయినా పదకొండో కట్టకు కూలింది.

కూలేటప్పుడు చూసింది ఒకటి రాసుకోవాలి. గోడ మధ్యభాగం ముందు ఉబ్బింది, మూలలు మాత్రం చివరిదాకా నిలబడ్డాయి. మూల దగ్గర రెండు గోడలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి కదా, బరువులో ఎక్కువ భాగం అక్కడికే చేరుతుంది. మా పాత పెంకుటింట్లో కూడా గోడలు బీటలు వారాయిగానీ మూల స్తంభాలు మాత్రం నిలిచాయి.

నవంబర్ 5

వరంగల్ చౌరస్తా దగ్గర పెట్టెలు చేసేవాళ్ల దగ్గరికి వెళ్లాను. "ఎంత బీఎఫ్ కావాలె?" అని అడిగాడు కౌంటర్లో అన్న. తెలిసినట్టే తలూపి, "మీరేం ఇస్తారు?" అన్నాను. నవ్వాడు. బీఎఫ్ అంటే బరస్ట్ ఫ్యాక్టర్, కాగితం పగలకుండా ఎంత ఒత్తిడి ఆపుతుందో చెప్పే లెక్క. 150 జీఎస్ఎం కాగితం 20 బీఎఫ్ అయితే రెంటినీ గుణించి వెయ్యితో భాగించాలి: చదరపు సెంటీమీటర్‌కు 3 కిలోలు. ఇది పగలకుండా ఆపే బలం, నిలబెట్టే బలం కాదు. పాపం ఆయన టైమంతా తిన్నాను. కొన్న షీట్లు పదే.

నవంబర్ 9

మడత గీతలతో తిప్పలు. పెళ్లి కార్డులకైతే ఖాళీ బాల్‌పెన్‌తో గీత నొక్కి మడిస్తే చాలు. త్రీ ప్లై మీద బాల్‌పెన్ పై పొరను చింపేస్తుంది. స్కేలు అంచుతో నొక్కితే గీత ఒక దారి, మడత ఇంకో దారి. వంకులకు సమాంతరంగా మడిచినప్పుడైతే, మడత తనకు నచ్చిన లోయలోకి జారిపోతుంది. మూడు మిల్లీమీటర్లు అటో ఇటో.

చివరికి పెద్దమ్మ వంటింట్లో గరిజెలు కోసే చక్రం కనపడింది. ఇత్తడిది, అంచుకు పళ్లున్నది. స్కేలు ఆనించి ఒకసారి మెల్లగా, రెండోసారి గట్టిగా లాగితే చక్కటి గీత పడింది. అట్ట ఆ పళ్ల గుర్తుల వెంబడే బుద్ధిగా మడతపడింది. చెప్పకుండా తెచ్చుకున్నాను. చెప్తే ఇచ్చేది కాదు.

మూడో షీటు మీద ఉత్సాహంలో చేతిలో చక్రం ఉందో బ్లేడు ఉందో చూసుకోలేదు. మడవాల్సిన గీతను కోసేశాను. 1879లో బ్రూక్లిన్‌లో కాగితం సంచులు చేసే రాబర్ట్ గెయిర్ ప్రెస్సులోనూ ఇట్లాంటిదే జరిగింది. సంచుల మీద మడత వేయాల్సిన లోహపు పట్టీ స్థానం తప్పి కాగితాన్ని కోసింది. ఆయన తిట్టుకుని ఊరుకోలేదు. కోత, మడత రెండూ ఒకే దెబ్బకు వేయొచ్చని కనిపెట్టి మడత పెట్టెల వ్యాపారం పెట్టాడు. నేను తిట్టుకుని ఊరుకున్నాను. షీటు 42 రూపాయలు.

నవంబర్ 16

కోరెల్ డ్రాలో పెట్టె గీశాను. కోత ఎర్రగీత, మడత నీలం చుక్కలగీత. రకం ఎంచుకోవడానికి ఫెఫ్కో నంబర్లు చూశాను. యూరప్ అట్టపెట్టెల తయారీదారుల సంఘం పెట్టిన నంబర్లు ఇవి, ప్రపంచమంతా వాడతారు. మామూలు కార్టన్, అంటే పైనా కిందా నాలుగేసి రెక్కలుండి టేపు వేసేది, 0201. ఆన్‌లైన్ సామాన్లు వచ్చే, మూత కూడా అదే షీటులో ఉండే పెట్టె 0427. దానికి జిగురు అక్కర్లేదు, పక్క గోడలు రెండు పొరలుగా మడిచి నాలుకలు కింది గాడుల్లో దిగుతాయి. పెద్దమ్మ ఇంట్లో జిగురు గన్నులు, స్టేపుల్ మిషన్లు ఉండవు. కాబట్టి 0427.

కంప్యూటర్లో అన్నీ అతికినట్టే ఉన్నాయి. కోసి మడిస్తే మూత పడలేదు. నాలుకలు గాడుల దాకా రాలేదు. గంట సేపు అటూ ఇటూ తిప్పి చూస్తే విషయం దొరికింది: నేను గీసిన అట్టకు మందం లేదు! పెళ్లి కార్డు బుర్రతో గీశాను. 3 మిల్లీమీటర్ల అట్ట మడిస్తే మూల దగ్గర ఆ 3 మిల్లీమీటర్లు ఎక్కడో ఒకచోట తినేస్తుంది. పక్క గోడ రెండు పొరలుగా మడిచేచోట పైన ఒక్క గీత సరిపోదు. రెండు గీతలు, మధ్య 6 మిల్లీమీటర్ల పైన ఎడం ఉండాలి; చూడ్డానికి చిన్న గట్టులా. లోపలి పొర బయటి పొర కన్నా 3 తక్కువ. మూత రెక్క లోపలికి దూరాలి కాబట్టి దానికి ఇరువైపులా ఒక్కో మిల్లీమీటరు తగ్గాలి. గాడి నాలుక కన్నా రెండు మిల్లీమీటర్లు పొడవు.

ఇదంతా ఒక్కరోజులో రాలేదు. మూలన పడేసిన పెట్టెలు ఇప్పటికి ఏడు. ఏడోది మూసినప్పుడు "టప్" అని శబ్దం వచ్చింది. మళ్లీ తెరిచి మళ్లీ మూశాను. ఒక పదిసార్లు.

నవంబర్ 23

హసన్‌పర్తి వెళ్లాను, సకినాలు కొలవడానికి. లోపలి గదులు ఎంతుండాలో వస్తువును కొలవకుండా ఎట్లా తెలుస్తుంది?

పెద్దమ్మ, చిన్నమ్మ నేల మీద తెల్లబట్ట పరిచి పోస్తున్నారు. నువ్వులు, వాము కలిపిన తడి బియ్యప్పిండి. పెద్దమ్మ బొటనవేలు, చూపుడువేలు మధ్య నుంచి పిండి మెలి తిరుగుతూ దిగుతుంది. ముందు నడిమి చిన్న చుట్టు, దాని చుట్టూ ఇంకోటి, ఇంకోటి, నాలుగు చుట్లు. చివర తోకను పక్క చుట్టుకు నొక్కేస్తుంది. బట్ట తడి పీల్చుకున్నాక నూనెలోకి. నేను వెర్నియర్ తీసి గోలించిన సకినాలు కొలుస్తుంటే చూసి చూసి అడిగింది.

"ఏం కొలుస్తున్నవ్‌రా?"

"అడ్డం ఎంతున్నదో చూస్తున్న పెద్దమ్మా. అన్నీ ఒక్క తీరుగ ఉంటే పెట్టె మంచిగ కుదురుతది. ఈ స్టీలు మూత బట్ట మీద పెట్టి గీత గీసుకొని పోస్తవా?"

"నలబై ఏండ్ల సంది పోస్తున్న. ఇప్పుడు నా చేతికి కొలత పెడ్తవా? నీ పెట్టె మార్చుకో."

చిన్నమ్మ తల దించుకుని నవ్వుతోంది. నిజానికి పెద్దవన్నీ చిన్నమ్మవే. అరవై కొలిచాను. అన్నిటికన్నా చిన్నది 10.4 సెంటీమీటర్లు, పెద్దది 12.8. ఎక్కువ శాతం పదకొండున్నర దగ్గర. ఎత్తుకు పది పేరిస్తే ఎనిమిదిన్నర. నలభై వేస్తే ఒక కిలో, అటూ ఇటూగా.

ఇంకోటి కూడా చూశాను. విరిగిన వాటిని వరుసగా పెట్టి చూస్తే, సగానికి పైగా బయటి చుట్టు తోక దగ్గరే ఊడాయి. చుట్టూ చుట్టూ ఒకదానికొకటి అంటుకుని ఉండేది అక్కడక్కడా చుక్కల్లాగా మాత్రమే. అంచు మీద దెబ్బ పడితే తోక ముందు తెగుతుంది.

వచ్చేటప్పుడు పెద్దమ్మ "నా గరిజెల చక్రం కనవడ్తలేదు, నువ్వేమన్న చూసినవా?" అంది. చూడలేదన్నాను.

నవంబర్ 30

ఈ వారం పోయిన పని. గాజుల దుకాణంలో గాజులు నిలువుగా పేర్చి ఉంటాయి కదా, సకినాలనూ అట్లా నిలబెడితే ఒకదాని బరువు ఇంకోదాని మీద పడదు అనుకున్నాను. మూడు పొడవాటి గదుల పెట్టె చేసి, మాడిన సకినాలు నింపి, టేబుల్ మీద నుంచి ఒక్కసారి వదిలాను. నాలుగో వంతు తునకలు. గాజుకు తోక లేదు, సకినానికి ఉంది. నిలబెడితే మొత్తం బరువు అంచు మీద ఒక్క చుక్కలో పడుతుంది. పడుకోబెట్టి దొంతి పెడితే చుట్టు చుట్టు మీద ఆనుతుంది.

పెద్దమ్మ ఎప్పుడూ బట్ట పరిచిన గంపలో దొంతులే పెడుతుంది, సారె పంపినప్పుడు కూడా. "పది పన్నెండుకు మించి ఎత్తు పెట్టొద్దు" అని వందసార్లు అని ఉంటుంది. ముందే వినాల్సింది.

డిసెంబర్ 7

పెట్టె: లోపల నాలుగు గదులు, ఒక్కోటి 13×13. గదికి పది చొప్పున దొంతి. మొత్తం కిలో. బయటి కొలత 28×28×12 వచ్చింది. గుణించి 5000తో భాగిస్తే 1.88, అంటే రెండు కిలోల రేటు.

సకినం గుండ్రం, గది చదరం. మూలల్లో ఖాళీ. పైగా సకినాలు ఒక్క సైజు కావు. 12.8ది పట్టేలా గది ఉంటే 10.4ది అందులో దొర్లుతుంది. మూడు రోజులు మూలల్లో ఏం కూరాలా అని ఆలోచించాను. స్పాంజి, కాగితం తురుము, థర్మాకోల్. ఏది పెట్టినా పెద్దమ్మ ఇంట్లో ఇంకో సామాను, ఇంకో కొనుగోలు.

దుకాణంలో మిగిలిన 400 జీఎస్ఎం డూప్లెక్స్, అంటే వంకుల్లేని ఒంటి అట్ట, ముక్క చేతిలో ఆడిస్తుంటే తట్టింది. పట్టీని ఎనిమిది చోట్ల మడిచి, చివర అంటిస్తే ఎనిమిది పలకల గొట్టం. దాన్ని చదరపు గదిలో దించితే నాలుగు పలకలు గోడకు ఆనుతాయి, నాలుగు మూలలకు అడ్డంగా ఏటవాలుగా నిలుస్తాయి. సకినం తగిలేది ఆ ఏటవాలు పలకలకే. వాటి వెనక త్రికోణపు ఖాళీ ఉంది కాబట్టి పెద్ద సకినం వస్తే పలక కాస్త వెనక్కి వంగి చోటిస్తుంది. చిన్నది వస్తే పట్టుకోదుగానీ అటూ ఇటూ ముప్పావు సెంటీమీటరు కన్నా ఎక్కువ కదలదు.

లెక్క: ఎదురెదురు ఏటవాలు పలకల మధ్య 11.4 సెంటీమీటర్లు కావాలంటే, ఏటవాలు పలక 7, గోడ పలక 3.1. పట్టీ మీద గీతలు 3.1, 7 ఇట్లా నాలుగుసార్లు, చివర జిగురుకు ఒకటిన్నర. ఎత్తు 9.5, దొంతి కన్నా ఒక సెంటీమీటరు ఎక్కువ. అదే ముఖ్యం. మీద వేరే పార్శిల్ పడితే మూత ముందు ఈ పట్టీల మీద ఆగాలి, సకినాల మీద కాదు. ఒక్కో గదిలో ఎనిమిది మూలలు, నాలుగు గదులకు ముప్పై రెండు. మూలలే బరువు మోస్తాయని కాగితం కట్టలతో చూసిందే ఇక్కడ పనికొచ్చింది.

డూప్లెక్స్‌కు గ్రెయిన్ ఉంటుంది, అంటే కాగితం మిషన్ మీద నడిచిన దిశలో నార పరుచుకుని ఉంటుంది. ఇది నాకు కొత్త కాదు, పెళ్లి కార్డు నారకు అడ్డంగా మడిస్తే అంచు పగిలి తెల్లగా కనపడుతుంది, కస్టమర్ చేతిలో మాట పడతాం. పట్టీలో నార నిలువుగా పెట్టాను. మడత తేలిక, పైనుంచి వచ్చే బరువుకూ అదే గట్టి.

డిసెంబర్ 10

పడేసే పరీక్ష. కొరియర్ పెట్టెలకు ఇస్టా 1ఏ అని ఒక పద్ధతి ఉంది. పది కిలోల లోపు పెట్టెను 76 సెంటీమీటర్ల నుంచి పదిసార్లు వదలాలి: ముందు ఒక మూల, తర్వాత ఆ మూలకు చేరే మూడు అంచులు, తర్వాత ఆరు ముఖాలు. మా షాపు టేబుల్ ఎత్తు సరిగ్గా 76.

పరీక్షకు సకినాలు కావాలి. పెద్దమ్మ ససేమిరా అంది. "తినే వస్తువును పదిసార్లు కింద పడేసుడేందిరా, పాపం తగుల్తది." చివరికి మాడినవి, చుట్టు విడిపోయినవి ఇచ్చింది. అందులో నిండుగా ఉన్నవి నలభై ఏరుకున్నాను.

మూల మీద వదిలాను. అంచులు మూడు. చిన్న శబ్దాలే. ముఖాలకు వచ్చేసరికి, అడుగు ముఖం మీద పడ్డప్పుడు లోపల పెళపెళమంది. విప్పి చూస్తే పక్కల నుంచి దెబ్బతిన్నవి రెండే. ప్రతి దొంతిలో కింది రెండు సకినాలు మాత్రం నాలుగు గదుల్లోనూ ఒకే తీరుగా నడిమికి విరిగాయి. పైనున్న ఎనిమిది ఒక్కసారిగా వాటి మీద కూర్చున్నాయి మరి. నలభైలో పది పోయాయి.

డిసెంబర్ 14

అడుగున రెండో అడుగు. త్రీ ప్లై ముక్క అంచులు కిందికి మడిచి, చిన్న పీటలాగా, 12 మిల్లీమీటర్ల ఎత్తు. కింద ఖాళీ. పడ్డప్పుడు ఆ పీట కాళ్లు నలిగి దెబ్బను మింగుతాయి. ఒకసారి నలిగితే మళ్లీ లేవవు, అయినా పర్వాలేదు, పెట్టె ఒక్కసారే ప్రయాణం చేసేది. ఎత్తు ఎంతుండాలో లెక్కతో తేల్చలేదు. 6 మిల్లీమీటర్లు, 12, 20 మూడూ చేసి పడేశాను. 6 చాలలేదు. 20 పెడితే పెట్టె ఎత్తు పెరిగి కొరియర్ లెక్క రెండు కిలోలు దాటుతుంది. 12.

మళ్లీ పది పడేతలు. నలభైలో నాలుగు. కింద పడేసినవన్నీ సాయంత్రం నేనూ, పక్క సెలూన్ అన్నా కలిసి తినేశాం. మాడినా రుచి రుచే.

డిసెంబర్ 17

ఒక తెలివితక్కువ పని. తొందరలో గోలించిన వేడి తగ్గకముందే పాలిథిన్ కవర్లో పెట్టి సీల్ వేసి, పెట్టెలో సర్దాను. మర్నాడు కవర్ లోపల చెమట, సకినాలు మెత్తబడ్డాయి. ఒక కవర్ సీల్ సరిగా పడక నూనె మరక అట్ట దాకా వచ్చింది. పెద్దమ్మ ఏమీ అనలేదు, ఒక మెత్తటి సకినం తీసి నా నోట్లో పెట్టింది.

నాలుగు గంటలైనా ఆరాలి. ఆహారానికి పనికొచ్చే కవర్, దొంతి కింద బటర్ పేపర్, తర్వాతే పట్టీ. రీసైకిల్ అట్టకు సకినం నేరుగా తగలకూడదు.

డిసెంబర్ 21

డై, అంటే కోతా మడతా ఒకే దెబ్బకు వేసే అచ్చు, చేయడానికి ఇచ్చాను. హైదరాబాద్‌లో చేస్తారు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో గీతల వెంబడి సన్నటి సందులు కోసి, వాటిలో స్టీలు పట్టీలు వంచి దింపుతారు. కోసే పట్టీ పదునైనది, మడిచే పట్టీ మొద్దుది, కొంచెం పొట్టిది. కోసే పట్టీల పక్కన రబ్బరు ముక్కలు అంటిస్తారు, దెబ్బ పడ్డాక షీటును బయటికి తోయడానికి. బయటి పెట్టెకు ఒక డై, పట్టీలకు ఒకటి. పీట, అడ్డగోడలు చేత్తోనే కోసుకుంటాను, అంత బడ్జెట్ లేదు. రెండింటికీ కలిపి 6,200. పెద్దమ్మకు 3,000 అని చెప్పాను.

ఫైల్ పంపే ముందు రాత్రి రెండింటిదాకా ఒకటే టెన్షన్. ఒక్క గీత తప్పైతే ప్లైవుడ్‌లో శాశ్వతంగా ఉండిపోతుంది. ఆఖరిసారి చేత్తో కోసి, మడిచి, సకినాలు పెట్టి, మూసి, తలకిందులు చేసి ఊపి చూశాను. శబ్దం లేదు.

జనవరి 3

వరంగల్‌లో ప్రెస్సు వాళ్ల పంచింగ్ మిషన్ మీద 300 పెట్టెలు కొట్టించాం. ఒక చేత్తో షీటు పెట్టి, ఇంకో చేత్తో తీసే పెద్దాయన వేగం చూస్తే గుండె ఆగినంత పనైంది, వేళ్లు ఎక్కడ పోతాయో అని. ఆయన మాత్రం మిషన్ చప్పుడులోనే సంక్రాంతికి ఊరెళ్లే సంగతి చెప్తున్నాడు. మొదటి షీటు తీసి చూసి, "ఈ మడత లోతు చాలది బాబూ, పగుల్తది" అని మిషన్ బెడ్ మీద, మడత పట్టీకి ఇరువైపులా కాగితం పట్టీలు అంటించాడు. మధ్యలో కాలువ లాగా. అట్ట ఆ కాలువలోకి నొక్కుకుని, రెండో షీటు నుంచి మడతలు పుస్తకం అట్టలా తిరిగాయి. రెండు నెలలు తల పట్టుకున్నది ఆయన రెండు నిమిషాల్లో సర్దాడు.

ఒక తప్పు బయటపడింది. మూత ముందు నాలుకకు గాడి రెండు మిల్లీమీటర్లు ఎడమకు ఉంది. నా ఫైల్లోదే. మూసుకుంటుంది, కొంచెం వంకరగా. 300 పెట్టెలూ అట్లాగే ఉంటాయి.

అన్నీ కలిపి లెక్కేస్తే పెట్టెకు 61 రూపాయలు పడింది. డై ఖర్చు పక్కన పెడితే 40.

జనవరి 11

ఈ వారం 34 పెట్టెలు వెళ్లాయి. బెంగళూరు, పుణె, చెన్నై, సగం హైదరాబాద్. లోపల ఒక చీటీ పెట్టాను: విరిగినవి ఎన్నో లెక్కబెట్టి ఫోటో పంపండి అని. ఇరవై రెండు మంది పంపారు. పెట్టెకు రెండు మూడు విరగడం మామూలు, ఐదుకు మించింది ఒక్కచోటే, అది కొరియర్ గోదాములో తడిసిందట, ఫోటోలో అడుగు పొర ఊడి వేలాడుతోంది. దానికి ఏం చేయాలో ఇంకా తేలలేదు. బయటికి మొత్తం ప్లాస్టిక్ కవర్ వేస్తే ఖర్చు, మైనం పూసిన క్రాఫ్ట్ కాగితం వేస్తే రీసైకిల్ కష్టం. అడుగు ఒక్కటే టేపుతో కప్పితే ఎట్లా ఉంటుందో పండగ తర్వాత చూడాలి.

అక్క రాత్రి ఫోన్ చేసింది. పెట్టె తెరిచి, సకినాలు ఒక్కోటి బయటికి తీస్తూ లెక్కబెడుతోంది. ముప్పై ఎనిమిది నిండువి. పెద్దమ్మ నా పక్కనే కూర్చుని ఫోన్‌లోకి వంగి చూస్తోంది. ముప్పై తొమ్మిదోది తీసేటప్పుడు అక్క చేతిలోనే విరిగింది.

"అది నీ చెయ్యి తప్పు, పెట్టెది గాదు" అంది పెద్దమ్మ.

ఫోన్ పెట్టేశాక నా సంచిలోంచి ఇత్తడి చక్రం తీసి ఆమె ముందు పెట్టాను. తిప్పి చూసింది. పళ్లన్నీ అరిగి నున్నగా అయ్యాయి.

"ఇగ భోగికి గరిజెలు దేనితోని కోయాల్రా?"

పొద్దున్నే వరంగల్ స్టేషన్ రోడ్డుకు వెళ్లి కొత్తది కొనాలి. రెండు కొంటాను.